గర్భసంచి బయట పెట్టిన విగ్రహం చూశాం, అమ్మ ఒక మాట అంది

తెనాలిపిల్ల_అట్లాంటా
అమ్మ ఆరు నెలలకని వచ్చింది. మొన్న సెలవులకి అలబామాలో మాంట్‌గోమరీ వెళ్ళాం, మా పెద్దదానికి స్కూల్ ప్రాజెక్టు ఉంటే. అక్కడ మిషెల్ బ్రౌడర్ అనే ఆవిడ చేసిన మూడు ఆడవాళ్ళ విగ్రహాలున్నాయి. ‘మదర్స్ ఆఫ్ గైనకాలజీ’ అని పేరు. 2021లో పెట్టారు. పారేసిన ఇనప సామాను ఏరి వెల్డింగ్ చేసినవి. పెద్దావిడ అనార్కా, దాదాపు 15 అడుగులు. ఆవిడ కడుపు ఖాళీ, లోపల ఒక ఎర్ర గులాబీ. గర్భసంచి మాత్రం పక్కన విడిగా పెట్టారు, నిండా గాజు ముక్కలు, సూదులు, కత్తెరలు.

తెలియనివాళ్ళ కోసం: 1845 నుంచి 1849 దాకా ఆ ఊళ్ళో మారియన్ సిమ్స్ అనే డాక్టరు బానిస స్త్రీల మీద మత్తు లేకుండా ఆపరేషన్లు చేశాడు. కాన్పు కష్టమై మూత్రం ఆగకుండా కారిపోయే జబ్బుకి (ఫిస్టులా) మందు కనిపెట్టాలని. అనార్కా ఒక్కదానికే 30 సార్లు దాకా కోశాడు. అతను రాసుకున్న దాంట్లో పేర్లు మూడే: అనార్కా, లూసీ, బెట్సీ. వాళ్ళ ఫొటోలు, బొమ్మలు ఏమీ లేవు. మొహాలు బ్రౌడర్ ఊహించుకుని చేసింది.

అమ్మ అక్కడే చాలాసేపు నిలబడింది. ఎండ. రమ్మంటే రాదు. చివరికి ఆ విడిగా ఉన్న సంచి వైపు చూస్తూ, ‘నాది మీ నాన్నకి చూపించారే. ట్రేలో పెట్టి తెచ్చి చూపించారట. నాకు చూపించలేదు’ అంది. అంతే. కారెక్కి కూర్చుంది.

అమ్మకి 34 ఏళ్ళప్పుడు తీసేశారు. ఇప్పుడు 68.

మావారి ఫ్రెండొకాయన ఆ ఫొటోలు చూసి ‘తుప్పు సామాను, దీన్ని ఆర్ట్ అంటారా’ అన్నాడు. ఆ గొడవ నాకొద్దు. మన దగ్గర ఇలా ఒంటి గురించి ఆడవాళ్ళు చేసిన పనేదైనా ఉందా? మీ ఇళ్ళల్లో కూడా ఇలాగే జరిగిందా?

చింతచిగురు
మా అత్తగారిది మామగారికి, మా బావగారికి చూపించారు. బావగారికి అప్పుడు పంతొమ్మిదేళ్ళు. పాపం, ఆయన ఇప్పటికీ ఆ మాటెత్తితే లేచి వెళ్ళిపోతాడు.

కృష్ణాతీరం
ఇలాంటివి ఆడవాళ్ళ విభాగంలో పెట్టుకోవచ్చు కదా. ఇది కళలు, సాహిత్యం విభాగం.

చింతచిగురు
@కృష్ణాతీరం విగ్రహం గురించే కదండీ. విగ్రహం కళ కాదా? గత నెల మీరు పెట్టిన ఆవకాయ జాడీ ఫొటో ఏ విభాగం?

బొమ్మలోడు
జాడీ సిరామిక్ ఆర్ట్ అక్కా, ఊరుకో :)

తుప్పు సామాను అన్నాయనకి ఇంకో బొమ్మ చూపించండి. 1950ల్లో పార్క్ డేవిస్ మందుల కంపెనీ ‘వైద్యంలో గొప్ప ఘట్టాలు’ అని వరసగా పెయింటింగులు వేయించింది. రాబర్ట్ థామ్ వేశాడు. అందులో సిమ్స్‌ది కూడా ఒకటి. సిమ్స్ చేతులు కట్టుకుని దర్జాగా నిలబడి ఉంటాడు, చేతిలో పరికరం. బల్ల మీద ఒక నల్లజాతి స్త్రీ మోకాళ్ళ మీద కూర్చుని ఉంటుంది. ఇంకో ఇద్దరు తెర పక్కనుంచి తొంగి చూస్తుంటారు. శుభ్రమైన గది, శుభ్రమైన బట్టలు. నెత్తురు చుక్క లేదు.

బ్రౌడర్ ఆర్ట్ స్కూల్లో చదువుకునేటప్పుడు ఆ బొమ్మ చూసిందట. అక్కణ్ణుంచి వచ్చిందే ఇదంతా. అది ఆయిల్ పెయింటింగ్ కాబట్టి ఆర్టూ, ఇది ఇనుము కాబట్టి తుప్పూనా? మొదటిదానికి డబ్బిచ్చింది మందుల కంపెనీ. అది మాత్రం గుర్తుంచుకోండి.

డాక్టరమ్మ_కాకినాడ
27 ఏళ్ళుగా గైనకాలజీ చేస్తున్నాను. రెండు మాటలు చెప్పాలి, తిట్టుకోకండి.

ఒకటి. ఫిస్టులా అంటే ఏమిటో చూడనివాళ్ళకి అర్థం కాదు. రెండు మూడు రోజులు నొప్పులు పడి, బిడ్డ తల ఇరుక్కుని, మధ్యలో ఉన్న కండ కుళ్ళి రంధ్రం పడుతుంది. ఇక జీవితాంతం మూత్రం కారుతూనే ఉంటుంది. సిమ్స్ పట్టు దారం పనికిరాక వెండి తీగతో కుట్టి చివరికి మూయగలిగాడు. ఆ పద్ధతి తర్వాత లెక్కలేనంత మందికి పనికొచ్చింది. బోస్టన్‌లో ఈథర్ మత్తు అందరి ముందూ చూపించింది 1846 అక్టోబర్లో. అతను మొదలుపెట్టింది అంతకు ముందే.

రెండు. తీసిన గర్భసంచి బంధువులకి చూపించడం మా దగ్గర అలవాటు, నిజమే. ‘తీశారో లేదో, ఊరికే డబ్బు గుంజారో’ అని అడుగుతారని. దాన్ని బయాప్సీకి పంపాలి. పంపనివాళ్ళూ ఉన్నారు.

నల్లరేగడి
డాక్టర్ గారూ, మొదటిది ఒప్పుకుంటా. రెండోదాంట్లో ‘బంధువులు’ అంటే ఎవరు? పేషెంట్ తెలివిలోకి వచ్చాక ఆవిడకి చూపించవచ్చు కదా. ఎందుకు చూపించరు?

మత్తు సంగతి. 1846లో ఈథర్ వచ్చింది, 1849 దాకా కోతలు సాగాయి. మధ్యలో మూడేళ్ళున్నాయి. అనుమతి ఇచ్చింది ఆ ఆడవాళ్ళ యజమానులు. ఆ ఆడవాళ్ళు కూడా ‘సరే’ అన్నారని సిమ్స్ రాసుకున్నాడు. కాదనే వీలు లేనివాళ్ళు సరే అంటే దానికి విలువేంటి?

డాక్టరమ్మ_కాకినాడ
@నల్లరేగడి ఎందుకు చూపించరంటే... నిజం చెప్పనా. ఎవరూ అడగలేదు. నాకూ తట్టలేదు.

పాలపిట్ట_వరంగల్
మా అమ్మమ్మ వాళ్ళ చెల్లెలు. పద్నాలుగేళ్ళకి కాన్పు, బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత ఆమెను పశువుల కొట్టంలనే ఉంచేటోళ్ళు. వాసన అని. పెండ్లిళ్ళకు పిలిచేటోళ్ళు కాదు. మేం పిల్లలం ‘కొట్టం అమ్మమ్మ’ అనేటోళ్ళం. జబ్బు పేరు ఫిస్టులా అని నాకు ఈ చర్చ చదివినంకనే తెలిసింది. ఇంతే రాయగలను ఇప్పుడు.

తెనాలిపిల్ల_అట్లాంటా
@పాలపిట్ట_వరంగల్ అక్కా...

బొమ్మలోడు
ఒక సంగతి ఎవరూ చెప్పలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ సిమ్స్‌కి సాయం చేసే తెల్ల డాక్టర్లు విసుగొచ్చి మానేశారు. అప్పుడు ఈ స్త్రీలకే పని నేర్పాడు. ఒకరికి కోత కోస్తుంటే మిగతావాళ్ళు పట్టుకోవడం, అందించడం, తర్వాత చూసుకోవడం. అంటే ఆ రోజుల్లో ఆ ఆపరేషన్ గురించి సిమ్స్ తర్వాత ఎక్కువ తెలిసింది ఈ బానిస ఆడవాళ్ళకే. ‘తల్లులు’ అని పేరు పెట్టింది జాలితో కాదు. ఆ విద్యలో వాళ్ళకీ వాటా ఉందని.

న్యూయార్క్ సెంట్రల్ పార్కులో ఉన్న సిమ్స్ విగ్రహాన్ని 2018 ఏప్రిల్‌లో తీసేశారు. అలబామా రాజధాని భవనం ముందు ఇంకోటి అలాగే ఉంది. అంటే మాంట్‌గోమరీలో ఇప్పుడు సిమ్సూ ఉన్నాడు, ఈ తల్లులూ ఉన్నారు, ఒకే ఊళ్ళో.

వేపపుల్ల
తీయక ముందు 2017లో డోరీన్ గార్నర్ అనే ఆర్టిస్టు ఆ న్యూయార్క్ విగ్రహానికి సిలికాన్ నకలు చేసి, కొందరు నల్లజాతి స్త్రీలతో కలిసి దాని మీదే ఆ ఫిస్టులా ఆపరేషన్ చేసింది, అందరి ముందూ. వీడియో చూస్తే నాకు కడుపులో తిప్పింది. అంత కసి అవసరమా అనిపించింది. కసి వేరు, కళ వేరు కాదా?

బొమ్మలోడు
కసి లేని కళ క్యాలెండర్ల మీద దొరుకుతుంది.

వేపపుల్ల
క్యాలెండర్లను తక్కువ చేయకు తమ్ముడూ, మా ఇంట్లో ఉన్న ఆర్టంతా అదే.

సీమదొర
ఒక డౌటు. స్పెక్యులమ్ (ఆడవాళ్ళని పరీక్ష చేసేటప్పుడు లోపలికి చూడ్డానికి పెట్టే పరికరం) కనిపెట్టింది ఈ సిమ్సేనా?

డాక్టరమ్మ_కాకినాడ
రోమన్ల కాలం నుంచీ ఏవో ఉన్నాయి. ‘సిమ్స్ స్పెక్యులమ్’ అని మేం ఇప్పటికీ వాడేది అతనిదే. మొదట చెంచా కాడ వంచి చేసుకున్నాడు. పేరు కూడా అలాగే ఉండిపోయింది. రోజుకి ఎన్నిసార్లు ‘సిస్టర్, సిమ్స్ ఇవ్వు’ అంటానో. మనిషి గుర్తే రాడు.

వేపపుల్ల
పేర్లంటే గుర్తొచ్చింది. ఫెలోపియన్ ట్యూబ్ ఫాలోపియో అనే ఇటలీ ఆయన పేరు. బార్తోలిన్ గ్రంథి, స్కీన్ గ్రంథి, గ్రాఫ్, డగ్లస్... ఆఖరికి దొంగనొప్పులు కూడా బ్రాక్స్‌టన్ హిక్స్ వి. మన ఒంట్లో ఇంతమంది మగాళ్ళు కాపురముంటున్నారని నాకు తెలీదు. అద్దె ఎవరికి కడుతున్నారో!

సీమదొర
అడ్వాన్సు కూడా ఇచ్చి ఉండరు.

నల్లరేగడి
ఈ జోకు మీదే ఒక పెద్ద పని జరిగింది. బార్సిలోనాకి కొంచెం దూరంలో కలఫౌ అని పాత మిల్లు కాలనీ ఉంది, కొందరు కలిసి బతుకుతుంటారు. అక్కడ ‘గైనీపంక్’ అని ఒక గుంపు. క్లావు కింకీ అనే ఆవిడ స్కీన్ గ్రంథికి (మూత్రద్వారం పక్కన ఉండేది) అనార్కా పేరు పెట్టాలని పని మొదలుపెట్టింది. 1880లో దాని గురించి రాసిన స్కీన్ డాక్టరు పేరు పెట్టగా లేనిది, మేమెందుకు మార్చకూడదని. త్రీడీ ప్రింటర్ మీద స్పెక్యులమ్ చేసి, ఎవరైనా చేసుకోండని ఫైల్ బయట పెట్టారు. పాత కంప్యూటర్ సామానుతో మైక్రోస్కోపు, సెంట్రిఫ్యూజ్ చేసుకున్నారు. పత్రాలు లేని వలస స్త్రీలు, సెక్స్ వర్కర్లు ఆస్పత్రికి వెళ్ళాలంటే భయపడతారు, వాళ్ళ కోసమని. వెనిగర్ రాసి గర్భాశయ ముఖద్వారం చూసుకోవడం నేర్పారు.

ఇది కళా, సైన్సా, రాజకీయమా అంటే వాళ్ళే తేల్చి చెప్పరు.

డాక్టరమ్మ_కాకినాడ
వెనిగర్ పరీక్ష కొత్తదేం కాదు. మన ప్రభుత్వ కార్యక్రమంలోనే 30 దాటిన స్త్రీలకి చేసేది అదే. పలుచని ఎసిటిక్ యాసిడ్ రాస్తే తేడా ఉన్నచోట తెల్లగా మారుతుంది. కానీ తెల్లగా కనిపించినదల్లా క్యాన్సర్ కాదు, కనపడలేదంటే లేనట్టూ కాదు. నేర్చుకున్న కన్ను కావాలి. ఇంట్లో పచ్చళ్ళ వెనిగర్‌తో మాత్రం ప్రయోగాలు చేయకండి, ముందే చెబుతున్నా. మళ్ళీ మా దగ్గరికే వస్తారు, కాలిన ఒళ్ళు వేసుకుని.

చింతచిగురు
@కృష్ణాతీరం విన్నారా, ఆవకాయ విభాగం కూడా వచ్చేసింది.

పాలపిట్ట_వరంగల్
నేర్చుకున్న కన్ను సరే డాక్టరమ్మా. ఆ కన్ను మాకు ఎందుకు నేర్పకూడదు? 1971లో లాస్ ఏంజిలిస్‌ల కారల్ డౌనర్ అనే ఆమె ఒక పుస్తకాల షాపుల ఆడోళ్ళ ముందట తన మీదనే స్పెక్యులమ్ పెట్టుకుని, అద్దం పట్టి చూపించింది. మరుసటేడు లైసెన్సు లేకుండ వైద్యం చేస్తున్నదని అరెస్టు చేసిండ్రు. వాళ్ళు చేసిన వైద్యాలల్ల ఒకటి పెరుగు రాయడం! జ్యూరీ నిర్దోషి అన్నది. పెరుగుకు కూడా లైసెన్సు కావాల్నా?

సీమదొర
మా హోటల్‌కి FSSAI... సారీ, ఫుడ్ లైసెన్సు కావాలి, అందులో పెరుగు కూడా ఉంది :)

గోల్కొండ_గల్లీ
అందరూ స్పెయిన్, అమెరికా తిరుగుతున్నారు, మొదట అడిగింది మన దగ్గర ఏముందని. చెబుతా.

80ల మధ్యలో పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ట్రయల్‌కి ఆడవాళ్ళని పోగుచేశారు. అది ప్రయోగమని వాళ్ళకి సరిగ్గా చెప్పలేదు. హైదరాబాద్‌లో ‘స్త్రీశక్తి సంఘటన’ అనే మహిళా సంఘం వాళ్ళు వెళ్ళి అడిగారు. 1986లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఆ తర్వాత తెలుగులో ‘సవాలక్ష సందేహాలు’ పుస్తకం వచ్చింది. ఆడవాళ్ళ ఒళ్ళు, జబ్బులు, మందులు, డాక్టర్ని ఏం అడగాలి, అంతా తెలుగులో. మా అక్క పెళ్ళికి నేనిచ్చిన బహుమతి అదే. మా బావ ముందు చదివేశాడు.

తర్వాత 2009. అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకి, సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. చాలామంది గిరిజన హాస్టల్ పిల్లలు. ఎంతోమందికి సంతకాలు వార్డెన్లు పెట్టారు. 2010 ఏప్రిల్‌లో ఆపించారు, 2013లో పార్లమెంటు కమిటీ గట్టిగా తప్పుపట్టింది. మాంట్‌గోమరీ అంత దూరం వెళ్ళక్కర్లేదు.

డాక్టరమ్మ_కాకినాడ
@గోల్కొండ_గల్లీ అంగీకారం తీసుకున్న పద్ధతి తప్పు. మీతో ఏకీభవిస్తాను. టీకా వేసిన పిల్లల్లో కొందరు చనిపోయారు, కానీ ఆ మరణాలకి టీకా కారణమని విచారణలో తేలలేదు. టీకా మంచిది. మా అమ్మాయికి నేనే వేశాను. ఆ గొడవ వల్ల మన దగ్గర ఆ టీకా ఎన్నో ఏళ్ళు వెనకబడింది. రెండూ కలిపి చెప్పకండి, జనం టీకా మానేస్తారు.

గోల్కొండ_గల్లీ
టీకా వద్దనలేదు మేడమ్. మీ అమ్మాయి సంగతిలో సంతకం పెట్టింది అమ్మ. వాళ్ళకి వార్డెన్. అదొక్కటే నేనన్నది.

వేపపుల్ల
బొమ్మల దగ్గరికి వస్తే, నాకు అన్నిటికన్నా ఇష్టమైంది రాజస్థాన్‌ది. 80ల చివర్లో 75 మంది పల్లె ఆడవాళ్ళు కలిసి ‘శరీర్ కీ జాన్‌కారీ’ అని పుస్తకం చేశారు. మొదట బట్టల్లేని బొమ్మలు వేసి ఊళ్ళో చూపిస్తే, ‘ఇదేం బొమ్మ, మా ఊళ్ళో ఆడది ఇలా ఎక్కడ కనిపిస్తుంది’ అన్నారట. అప్పుడు ఏం చేశారంటే, నిండుగా బట్టలు కట్టుకున్న మనిషి బొమ్మ వేసి, ఘాగ్రా మీద కాగితం మడత పెట్టారు. ఎత్తి చూస్తే లోపల ఒళ్ళు. దించితే మామూలే. ‘కాలీ ఫర్ వుమెన్’ అనే ఆడవాళ్ళ ప్రచురణ సంస్థ అచ్చు వేసింది. పుస్తకాల షాపుల్లో కాదు, పల్లెల్లో చేతుల మీదుగానే వేలల్లో అమ్ముడైంది.

ఎత్తేదీ దించేదీ చూసేవాళ్ళే. గైనీపంక్ కన్నా ముందే మనవాళ్ళు చేశారు, ప్రింటర్ లేకుండా.

బొమ్మలోడు
అక్కా ఇది నాకు తెలీదు! ఆ మడత ఆలోచన అద్భుతం.

కృష్ణాతీరం
మన మంత్రసానుల దగ్గర ఈ విజ్ఞానమంతా ఎప్పుడో ఉంది. ఇంగ్లీషువాళ్ళొచ్చి పాడుచేశారు. పాతకాలమే నయం.

పాలపిట్ట_వరంగల్
పాతకాలం మా కొట్టం అమ్మమ్మను అడుగుండ్రి సార్.

నల్లరేగడి
@కృష్ణాతీరం మంత్రసాని అంటే ఎవరో తెలుసా? మా నాయనమ్మ మంత్రసాని. మాది మాదిగపల్లె. ఊరంతా పిల్లల్ని పట్టింది, బొడ్డు కోసింది, మాయ మోసుకెళ్ళి పాతింది. పని అయ్యాక ఆ ఇంటి గడప దాటి లోపలికి రానిచ్చేవాళ్ళు కాదు. పదకొండో రోజు పురుడు పోసుకుని వాళ్ళు శుద్ధి అయ్యేవాళ్ళు, ఈమె మాత్రం ఎప్పటికీ కాదు. ‘మంత్రసానితనం ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాలి’ అని సామెత చెప్పి నవ్వుతారే, ఆ ‘ఏదొచ్చినా’ పట్టింది ఎవరి చేతులు?

తెల్లవాళ్ళు పాడుచేశారు, నిజమే. వాళ్ళు రాకముందు కూడా ఆవిడ విద్యకి దండం పెట్టిన ఇల్లు నేను చూడలేదు. విగ్రహం పెట్టాలంటే మా నాయనమ్మకి పెట్టండి, ఇనప ముక్కలు నేను తెస్తా.

కృష్ణాతీరం
సరే అండీ. నాకు ఆ సంగతి తెలీదు.

బొమ్మలోడు
@నల్లరేగడి వెల్డింగ్ నాది. నిజంగానే అంటున్నా, పర్సనల్ మెసేజ్ పెట్టండి.

చింతచిగురు
మాటల గురించి ఒకటి. ఉమ్మనీరు, మాయ, తెల్లబట్ట, నెల తప్పడం, నీళ్ళోసుకోవడం... ఎంత బాగుంటాయి. కానీ అసలు భాగానికి వస్తే ‘కింద’, ‘అక్కడ’. డాక్టరు ‘ఎక్కడ నొప్పి’ అంటే మా అమ్మ ‘అక్కడే’ అనేది. ఆయన ‘అక్కడంటే?’ ఈమె ‘అదే అక్కడ’. అరగంట ఇలాగే.

సీమదొర
తెలంగాణలో, ఆంధ్రలో ఇన్ని గర్భసంచులు తీయడానికి ఈ ‘అక్కడ’ కూడా ఒక కారణమేమో. ఎక్కడో తెలీక అంతా తీసేసినట్టున్నారు.

డాక్టరమ్మ_కాకినాడ
నవ్వొచ్చింది కానీ లెక్క నవ్వేది కాదు. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం. ఆంధ్రలో 8.9, తెలంగాణలో 7.7. తెల్లబట్ట అవుతుందంటే, ‘ఉంచితే క్యాన్సర్ వస్తుంది’ అని భయపెట్టి తీసిన కేసులు నా దగ్గరికి ఎన్నో వచ్చాయి, తీసేశాక. మా వృత్తి మీద నాకున్న కోపం మీకెవరికీ ఉండదు.

తెనాలిపిల్ల_అట్లాంటా
ఇన్ని రోజులు చదువుతూనే ఉన్నా, రాయలేకపోయా. మడతల బొమ్మ సంగతి అమ్మకి చెప్పాను. నా కూతురు నోట్‌బుక్‌లో ఒకటి వేసింది, చీరతో. కుచ్చిళ్ళు ఎత్తితే లోపల గర్భసంచి. అమ్మ దాన్ని ఎత్తి దించి, ఎత్తి దించి చూసింది.

తర్వాత తమ్ముడికి ఫోన్ చేసి తెనాలి ఇంట్లో బీరువాలో కాగితాలు వెతికించింది. డిశ్చార్జి కార్డు దొరికింది! 1991ది. వాట్సాప్‌లో పంపాడు. కింద ఆపరేషన్‌కి ఒప్పుకుంటున్నట్టు సంతకం ఉంది. అమ్మకి సంతకం వచ్చు, టెన్త్ పాసైంది. కానీ ఆ సంతకం నాన్నది.

డాక్టర్ గారూ, ఆపరేషన్ అన్నచోట ఇంగ్లీషులో ‘టీఏహెచ్’ అని మూడక్షరాలున్నాయి. ఇంకేం లేదు. ఏంటది?

డాక్టరమ్మ_కాకినాడ
పొట్ట కోసి గర్భసంచి మాత్రం పూర్తిగా తీశారని. అండాశయాలు కూడా తీస్తే పక్కన ‘బీఎస్ఓ’ అని రాయాలి. రాయలేదంటే మామూలుగా వాటిని ఉంచేసినట్టే. ఖాయంగా తెలియాలంటే స్కానింగ్ చేయించుకోవాలి, ఈ వయసులో చిన్నగా అయిపోయి కనపడకపోవచ్చు కూడా. అమ్మగారితో నేను మాట్లాడతాను, కావాలంటే. తెలుగులోనే.

తెనాలిపిల్ల_అట్లాంటా
చెప్పాను. 34 ఏళ్ళుగా లోపల ఏమీ లేదనుకుంటోంది. ‘అయితే అవి ఉన్నాయా?’ అంది. రెండుసార్లు అడిగింది. రేపు సాయంత్రం మీ టైముకి ఫోన్ చేస్తుందట, ప్రశ్నలు కాగితం మీద రాసుకుంటోంది. మీకు ఓపిక ఉండాలి, రెండో పేజీకి వచ్చింది.

డాక్టరమ్మ_కాకినాడ
ఎన్ని పేజీలైనా సరే. ఎనిమిది తర్వాత చేయమనండి, ఓపీ అయిపోతుంది.

కృష్ణాతీరం
ఒక చిన్న సమాచారం కావాలి. మా అమ్మాయి అట్లాంటాలోనే ఉంటుంది, వచ్చే నెల మా ఆవిడా నేనూ వెళ్తున్నాం. మా ఆవిడ ఇదంతా చదివి ఆ విగ్రహాలు చూడాలంటోంది. అక్కణ్ణుంచి మాంట్‌గోమరీకి ఎంతసేపు?

తెనాలిపిల్ల_అట్లాంటా
కారులో రెండున్నర గంటలండీ. టోపీ, నీళ్ళు తీసుకెళ్ళండి, మేం వెళ్ళినప్పుడు ఎండ దంచేసింది.